మీ నాన్న ఓటు ఏ ఊళ్ళో ఉండాలి?

చిరంజీవి బుజ్జికి, చిన్నోడికి, సాయంత్రాలు మీతో ఆడుకునే అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నాయనమ్మా నేనూ క్షేమం.

మొన్న ఓట్లకని వచ్చి, తిరిగి కారెక్కేటప్పుడు బుజ్జి ఒక మాట అడిగింది. “తాతయ్యా, మనం ఉండేది కూకట్‌పల్లిలో కదా, నాన్న ఓటు ఇక్కడెందుకు వేశాడు?” డిక్కీలో మామిడికాయలు సర్దే హడావిడిలో ఎవరూ జవాబు చెప్పలేదు. మీ నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. నా మనసులో మాత్రం ఆ ప్రశ్న ఉండిపోయింది. పెద్దవాళ్ళం మాలో మేం అడుక్కోవాల్సిన ప్రశ్న అది.

2024 మే 13న ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకీ, తెలంగాణలో లోక్‌సభకీ ఒకేరోజు పోలింగ్ జరిగింది. ముందు రెండు రోజులూ విజయవాడ హైవే మీద మీరు పడ్డ అవస్థ మీకే తెలుసు. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరాయి. బస్సుల్లో సీటు దొరక్క నిలబడి వచ్చినవాళ్ళున్నారు. చివరికి ఆంధ్రలో నూటికి ఎనభై మందికి పైగా ఓటేశారు. మీరుండే మల్కాజిగిరి స్థానంలో సుమారు సగం మందే వేశారు. పక్కనే ఉన్న హైదరాబాద్ స్థానంలో నూటికి 48 మంది. నగరంలో ఓట్లు తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. మీ నాన్నలాంటివాళ్ళు పోలింగ్‌కి ఇటు వచ్చెయ్యడం అందులో ఒకటి.

మీకు తేలిగ్గా అర్థమయ్యేలా చెబుతాను. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో మీరు ప్లేటు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరుగుతారు గానీ, మన ఊళ్ళో ఇంకా బంతి భోజనాలే కదా. వరసగా కూర్చుంటాం. మనిషికో విస్తరి వేస్తారు. ఆ చివర నుంచి పప్పూ కూరా పులుసూ వడ్డించుకుంటూ వస్తారు. ఓటరు లిస్టు ఆ బంతి అనుకోండి. అందులో మన పేరు మన విస్తరి. సర్పంచీ, ఎమ్మెల్యే, ఎంపీ వడ్డించేవాళ్ళు. మనిషికి విస్తరి ఒకటే, అదీ అతను కూర్చున్న చోటే వెయ్యాలి.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పేదీ ఇదే. ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటారో అక్కడే ఉండాలి. ఊళ్ళో సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని అందులోనే రాశారు. పనిమీద కొన్నాళ్ళు బయటికెళ్ళినంత మాత్రాన ఉన్న ఓటు పోదని కూడా రాశారు. మీ నాన్న ఊరు విడిచి వెళ్ళిన తర్వాతే మీరిద్దరూ పుట్టారు. ఇన్నేళ్ళని కొన్నాళ్ళు అనుకోవడం కుదురుతుందా?

ఓటు అక్కడికి మార్చుకోరా అని నేను చెప్పాను. “అక్కడ నన్నెవరు అడుగుతారు నాన్నా?” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. ఇక్కడ ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్ళూ ఫోన్ చేసి, వరస పెట్టి పిలిచి, ఎప్పుడొస్తున్నావని అడుగుతారు. బస్సు మాట్లాడాం, మీరంతా అందులో వచ్చెయ్యండంటారు. సర్పంచి ఎన్నికల్లో పదీ ఇరవై ఓట్ల తేడాతో గెలుపోటములు తేలతాయి గనక వాళ్ళకి ఒక్కో ఇల్లూ ముఖ్యమే. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు’ అంటారు కదా, మీ నాన్న ధీమా అదే. సామెత బాగానే ఉంది గానీ, ముందు బంతిలో కూర్చోవాలి. మీ నాన్న విస్తరి ఇక్కడుంది, మనిషి అక్కడున్నాడు. ఇక్కడ వడ్డించింది ఆయనకి అందదు. అక్కడ ఆయన ముందు విస్తరే లేదు, వడ్డించేవాడు ఆగకుండా పక్కకి వెళ్ళిపోతాడు. వానాకాలం మీ వీధిలో డ్రైనేజీ పొంగినప్పుడు చిన్నోణ్ణి ఎత్తుకుని స్కూల్ బస్సు దాకా నడిచేది మీ అమ్మ. ఆ డ్రైనేజీ బాగుచేయించాల్సిన కార్పొరేటర్‌ని ఎన్నుకునే లిస్టులో మీ ఇంట్లో ఎవరి పేరూ లేదు.

ఊరి వైపు నుంచి చూసినా ఇబ్బందే. ఇక్కడ మిగిలింది మాలాంటి పెద్దవాళ్ళు, కౌలుకి చేసుకునేవాళ్ళు. మంచినీళ్ళ ట్యాంకు పాడైతే అవస్థ పడేది మేం. ఎవరు గెలవాలో తేల్చేటప్పుడు మాత్రం ఒక్కపూట వచ్చి వెళ్ళేవాళ్ళ మాట మా మాటతో సమానంగా చెల్లుతోంది. మీరు రావడం నాకు సంతోషం. ఇల్లు కళకళలాడింది. కానీ ఈ సంగతి చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టవుతుంది.

నా చిన్నప్పుడు మా బాబాయి ఇక్కడి రెండెకరాలు అమ్మేసి కర్ణాటక వెళ్ళిపోయాడు. అప్పట్లో దాన్ని మైసూరు రాష్ట్రం అనేవాళ్ళు. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయింది. కాలవల కింద భూములు చవకగా వస్తాయని, వరి పండించడం తెలిసిన మన గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు చాలామంది గంగావతి, సింధనూరు వైపు తరలిపోయారు. వాళ్ళు ఇళ్ళు వేసుకున్న చోట్లని క్యాంపులంటారు. ఇప్పటికీ అవి ఉన్నాయి. ఒక ఎండాకాలం మా నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. గుంటూరులో మీటర్‌గేజి రైలెక్కి, గుంతకల్లు మీదుగా హోస్పేట దాకా పోయి, అక్కణ్ణుంచి బస్సు. బస్సు దిగాక క్యాంపుకి బండి మీద వెళ్ళాం. ముందురోజు వాన పడిందేమో, నల్లరేగడిలో చక్రం ఇరుసు దాకా దిగబడిపోయింది. బాబాయీ నాన్నా దిగి భుజాలతో నెట్టారు. నేను మూట నెత్తిన పెట్టుకుని బురదలో నడిచాను. క్యాంపులో అడుగుపెడితే అంతా మన ఊరే. పూరిళ్ళు, రామాలయం, గోంగూర పచ్చడి. కాలవ దాటితే కన్నడం.

“రోడ్డెందుకు వెయ్యరు?” అని మా నాన్న అడిగితే, “ఇక్కడ మాకు ఓట్లు లేవన్నయ్యా” అన్నాడు బాబాయి. క్యాంపువాళ్ళలో చాలామంది పేర్లు ఇంకా మన ఊళ్ళోనే ఉన్నాయి. తర్వాత వాళ్ళంతా కూడబలుక్కుని అక్కడ పేర్లు రాయించుకున్నారు. నేను కాలేజీలో ఉండగా మళ్ళీ వెళ్ళినప్పుడు కంకర రోడ్డుంది. బాబాయి ఇంటి అరుగు మీద ఒక కన్నడ పెద్దమనిషి కూర్చుని, వచ్చీరాని తెలుగులో ఓట్లడుగుతున్నాడు. పిన్ని ఆయనకి మజ్జిగిచ్చింది. విస్తరి పడ్డ తర్వాత వడ్డన ఎలా వస్తుందో అప్పుడు చూశాను.

మనవాళ్ళు ఇంకో వైపూ వెళ్ళారు. తెలంగాణ పద్మశాలీలు మగ్గాల పనికి షోలాపూర్, భివండి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. షోలాపూర్ నుంచి 1989లోనూ 1991లోనూ లోక్‌సభకి గెలిచిన ధర్మన్న సాదుల్ ఆ తెలుగు నేతవాళ్ళలోంచి వచ్చినవాడే. నేతపనికి మరాఠీ ఊరు వెళ్ళినవాళ్ళ పిల్లలు, ఆ ఊరి తరఫున ఢిల్లీలో కూర్చున్నారు.

ఇదంతా వచ్చినవాళ్ళ వైపు కథ. అప్పటికే బంతిలో కూర్చున్నవాళ్ళని కాస్త జరగమంటే వాళ్ళకీ కష్టంగానే ఉంటుంది. తుంగభద్ర కింద తక్కువ ధరకి పొలాలమ్ముకున్న కన్నడ రైతులకి ఆ బాధ ఉంది. తెలంగాణలో 1969లో పిల్లలు చదువులు మానేసి రోడ్డెక్కారంటే, బయటివాళ్ళు వచ్చి మా ఉద్యోగాలు తీసుకుంటున్నారన్న బాధతోనే. అది నిజమైన బాధ. మిమ్మల్ని ఎవరైనా సెటిలర్లు అంటే ఉడుక్కోకండి. ఆ మాట వెనక ఇంత ఉంది. అక్కడి నీళ్ళు తాగుతున్నప్పుడు అక్కడి మంచిచెడ్డలు మీవని మీ నడతలో కనపడాలి.

మళ్ళీ బంతి దగ్గరికొద్దాం. శేరిలింగంపల్లి మీకు దగ్గరే. 2023 నవంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలు జరిగినప్పుడు అక్కడ ఓటర్లు 7 లక్షల పైచిలుకు. భద్రాచలంలో లక్షన్నరకి కాస్త తక్కువ. రెండు చోట్లా ఎమ్మెల్యే ఒక్కడే. 2009 నుంచి ఉన్న ఈ నియోజకవర్గాల హద్దులు 2001 జనాభా లెక్కల్ని చూసి గీసినవి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఆ లెక్కలు రాసేనాటికి కొండాపూర్, గచ్చిబౌలి చాలావరకు రాళ్ళగుట్టలు. తర్వాత దేశం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. బంతి పెరిగిపోయింది, గరిటె పట్టుకున్నది మాత్రం ఆ ఒక్కడే. అయితే భద్రాచలం ఎమ్మెల్యే అడవిలో ఎంత దూరం తిరగాలో కూడా తలుచుకోవాలి, ఉత్త తలల లెక్కతో తేలదు. ఏ రాష్ట్రానికి ఎంతమంది ఎంపీలన్నదైతే ఇప్పటికీ 1971 నాటి జనాభాని బట్టే.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మన ఊరి చివర ఇటుక బట్టీ చూశారు కదా, బుజ్జి అక్కడ మట్టిముద్ద తెచ్చుకుంది. అక్కడ పనిచేసేది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. అడ్వాన్స్ తీసుకుని పిల్లాపాపలతో వస్తారు, వానలు పడేదాకా కదలరు. మీరంతా ఓట్లేసిన రోజు సాయంత్రం నేను అటు నడిచాను. ఒకతను అచ్చులోంచి ఇటుకలు తీసి వరసగా ఆరబెడుతున్నాడు. వాళ్ళ రాష్ట్రంలోనూ అవి ఎన్నికల రోజులే. నీ ఓటో అని అడిగాను. “కార్డు ఇంట్లో ఉంది బాబూ” అన్నాడు. అతనికి కారు లేదు, బస్సు మాట్లాడే పార్టీ లేదు, రెండు రోజుల కూలీ వదులుకునే వీలు లేదు. పోలింగ్ డ్యూటీ చేసే మాస్టర్లకి ఏఎస్‌డీ లిస్టని ఒకటిస్తారు. ఇంట్లో కనపడనివాళ్ళు, ఊరు మారినవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు, ఈ మూడు రకాల వాళ్ళ పేర్లూ అందులో ఉంటాయి. పొట్ట చేతపట్టుకుని పోయిన మనిషి, పోయినవాళ్ళ సరసన చేరిపోతాడు.

విస్తరినే అతనున్న చోటికి తీసుకెళ్ళొచ్చని ఎన్నికల సంఘం అనుకుంది. 72 నియోజకవర్గాల ఓట్లు ఒకేచోట వేసే యంత్రాన్ని తయారుచేసి, 2023 జనవరిలో పార్టీలన్నిటినీ పిలిచింది. చాలా పార్టీలు అనుమానాలు లేవనెత్తాయి, అది అక్కడే ఆగింది. అనుమానాల్లో కొన్ని సబబే. ఎక్కడో ఉన్న బూత్‌లో అభ్యర్థి తరఫున ఏజెంటుగా ఎవరు కూర్చుంటారు? అయినా ఆ పని మధ్యలో వదిలెయ్యకూడదని నా అభిప్రాయం.

ఇక నేను వివరించలేనివి కొన్నున్నాయి, ఆశ్చర్యపోవడమే. ఆసిఫాబాద్ జిల్లాకీ మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాకీ మధ్య పరందోలి, ముకదంగూడ లాంటి ఊళ్ళున్నాయి. రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. అక్కడివాళ్ళకి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఊరికి ఇద్దరు సర్పంచులు. అడుగు కదలకుండా రెండు రాష్ట్రాల్లో ఉంటున్నారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలవాళ్ళదింకా విచిత్రం. 2014 ఏప్రిల్ 30న తెలంగాణవాళ్ళతో పాటు ఓటేసి భద్రాచలం ఎమ్మెల్యేని ఎన్నుకున్నారు. ఆ ఏడే వాళ్ళ మండలాలు ఆంధ్రలో కలిశాయి. ఎమ్మెల్యే ఒక రాష్ట్రం అసెంబ్లీలో, ఓటేసినవాళ్ళు ఇంకో రాష్ట్రంలో. మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, రాష్ట్రమే వాళ్ళ కాళ్ళకింద నుంచి జరిగింది.

సెలవులు అయ్యేలోగా మీకో పని చెబుతాను. ఒక నోట్‌బుక్ తీసుకుని మీ అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ ఫ్లాటుకీ వెళ్ళండి. సొంతూరేది, ఇక్కడికి ఎప్పుడొచ్చారు, ఓటు ఎక్కడుంది, మొన్న వేశారా, ఇవి అడిగి రాసుకోండి. ఎవరికి వేశారని మాత్రం అడక్కండి, అది ఎవర్నీ అడగకూడదు. వాచ్‌మన్‌నీ, పనిచెయ్యడానికొచ్చే ఆంటీల్నీ, పక్కన కొత్త బిల్డింగు కడుతున్న మేస్త్రీల్నీ వదిలిపెట్టకండి. మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు మీకొచ్చిన హిందీ చాలు. రాసింది ఫోటో తీసి నాన్న ఫోన్‌లో నాకు పంపండి. ఓటు అక్కడికి మార్చుకోవాలంటే నింపాల్సింది ఫారం 8 అని ఆయనతో చెప్పండి. నింపేదీ లేనిదీ ఆయనిష్టం.

మీ
తాతయ్య