టేపుతో పాటు రంగు ఊడొస్తే ప్రైమర్‌ని తిట్టకండి

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, మాస్కింగ్ టేపు తీస్తుంటే రంగు కూడా ఊడొచ్చేసింది. ఇంకా గట్టి ప్రైమర్ ఏదైనా ఉంటే చెప్పండి." చెన్నైలో విమానాల స్కేల్ మోడళ్లు కట్టి, రంగులేసి ఇవ్వడం నా వృత్తి. ప్రైమర్ అంటే అసలు రంగుకి ముందు ప్లాస్టిక్ మీద వేసే అడుగు కోటు, మాస్కింగ్ టేపు అంటే రంగు పడకూడని చోట అంటించే టేపు. 2025 సెప్టెంబరులో మన వైమానిక దళం మిగ్-21కి వీడ్కోలు పలికాక, ఆ విమానం కట్టాలన్న ఇష్టంతో కొత్తగా ఇందులోకి దిగినవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని చేసిన పని కళ్లముందు పెచ్చులుగా లేచిపోతే ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. ఆ కంగారులో ఎవరో చెప్పిన మాట నమ్మి డబ్బాల మీద డబ్బాలు కొంటున్నారు. అది చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: మంచి ప్రైమర్ దేనికైనా పట్టుకుంటుంది. ఊడిందంటే ప్రైమర్ నాసిరకం, లేదా ఇంకో రెండు కోట్లు వేయాల్సింది.

వాస్తవం: అందరి డబ్బూ ఓపికా ఎక్కువగా పోయేది ఇక్కడే. టేపుకి అంటుకున్న పెచ్చుని పారేయకండి. భూతద్దం కింద పెట్టి తిరగేసి చూడండి. పెచ్చు అడుగున ప్రైమర్ ఉండి, మోడల్ మీద ప్లాస్టిక్ నున్నగా మెరుస్తుంటే, పట్టు తప్పింది ప్రైమర్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య. ప్రైమర్ మోడల్ మీదే ఉండిపోయి పై రంగు మాత్రమే వచ్చిందంటే ప్రైమర్ తన పని తాను చేసింది, గొడవ పై కోటుతోనే. అసలు పెచ్చు కట్టకుండా పొడిలా రాలితే, రంగు మోడల్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోయిందన్నమాట. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) మరీ దూరంగా పట్టుకున్నారు, లేదా గాలి ఒత్తిడి ఎక్కువ పెట్టారు, లేదా రంగుని పల్చబరిచే థిన్నర్ చాలలేదు. మే నెల మధ్యాహ్నాల్లో మన ఊళ్లో ఇది మామూలే.

నా దగ్గరికి వచ్చేవాటిలో మొదటి రకమే ఎక్కువ. దానికి కారణం జిడ్డు. అచ్చులోంచి భాగాలు తేలిగ్గా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే నూనె లాంటి పదార్థం కొన్ని కిట్ల మీద మిగిలిపోతుంది. పోత పోసి చేసే రెజిన్ భాగాల మీద ఇంకా ఎక్కువ. అంతకంటే పెద్ద సమస్య మన చేతులు. తలకు కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి, ఈ ఉక్కలో ఎప్పుడూ తడిగా ఉండే అరచెయ్యి, వంటింటి పక్కనే బల్ల వేసుకుంటే పోపు పొగతో వచ్చి పేరుకునే సన్నటి నూనె పొర, ఇవన్నీ మోడల్ మీదకే చేరతాయి. పెనానికి నూనె రాసేది అట్టు అంటుకోకూడదనే కదా. జిడ్డున్న ప్లాస్టిక్ మీంచి ప్రైమర్ కూడా అలాగే ఒకే పొరగా లేచొస్తుంది. దాని మీద ఇంకో రెండు కోట్లు వేస్తే పట్టు పెరగదు. పొర మందమై, తనకు తాను గట్టిపడి, ఈసారి ఇంకా పెద్ద ముక్కగా లేస్తుంది. పైగా రివెట్లు, ప్యానెల్ గీతలు పూడుకుపోతాయి.

"నేను కిట్ కడిగాను కదన్నా" అంటారు. కడుగుతారు, కాదనను. కానీ డబ్బా తెరిచిన రోజు భాగాలు అతికి వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములు కడిగి, ఆ తర్వాత రెండు మూడు నెలలు అతికిస్తూ, పుట్టీ పెడుతూ, అరగదీస్తూ ఉత్త చేతులతో పట్టుకుంటారు. ప్రైమర్‌కి కావాల్సింది ఆ మొదటి కడుగుడు కాదు, చివరిది. కట్టడం, అరగదీయడం పూర్తయ్యాక గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. మరీ వేడి నీళ్లొద్దు, పల్చటి భాగాలు వంగిపోతాయి. సబ్బు పూర్తిగా పోయేదాకా మంచి నీళ్లతో కడిగి, గాలికే ఆరనివ్వండి. తువ్వాలుతో తుడిస్తే నూగు అంటుతుంది. కాక్‌పిట్‌లో ముందే రంగు వేసి ఉంటే మోడల్‌ని నీళ్లలో ముంచలేరు, అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూగు లేని గుడ్డతో బయటి ప్లాస్టిక్ తుడవండి. ఆ ఆల్కహాల్ ముందే వేసిన ఆక్రిలిక్ రంగుకి తగిలితే కరిగించేస్తుంది, జాగ్రత్త. లాకర్ థిన్నర్‌తో, అసిటోన్‌తో మాత్రం తుడవద్దు, పాలిస్టైరీన్ (కిట్ ప్లాస్టిక్) కరిగిపోతుంది. తుడిచాక నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

చెన్నైలోని ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే విశాఖ కుర్రాడొకడు 1/144 స్కేల్ (అసలు దానిలో 144వ వంతు) టీయూ-142 అనే నౌకాదళ గస్తీ విమానం మోడల్ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్న అరక్కోణంలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాళిలో ఆ విమానాల మీద పనిచేశారట. 29 ఏళ్ల సేవ తర్వాత 2017లో ఆ విమానాలు రిటైరయ్యాయి, అందులో ఒకటి ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. నాన్న పుట్టినరోజుకి ఇద్దామని చేశాడు. అసలు విమానం రెక్కలు 50 మీటర్లు, ఈ స్కేల్‌లో దాదాపు 35 సెంటీమీటర్లు. అంత పొడుగు రెక్క మీద టేపు వేసి తీస్తే చారలు చారలుగా లేచింది. అప్పటికే మూడు రకాల ప్రైమర్లు కొన్నాడు, ప్రతిసారీ రంగు తీసేసి మొదటి నుంచి వేశాడు. పెచ్చు తిరగేస్తే కింద ఉత్త ప్లాస్టిక్, రెక్క మొదట్లో అతని బొటనవేలు పట్టుకునే చోటే మరీ ఎక్కువగా లేచింది. "తమ్ముడూ, కొత్తది కొనకు" అని చెప్పి, రంగు తీసి, కడిగి, అతను మొట్టమొదట కొన్న ప్రైమరే సన్నగా వేయించాను. ఆరాక టేపు లాగుతుంటే కుర్రాడు ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేవలేదు. మిగతా రెండు డబ్బాలు అంతకుముందూ మంచివే, అప్పుడూ మంచివే.

అపోహ: నీళ్ల ప్రైమర్లు (ఆక్రిలిక్‌వి) దండగ, ఘాటు ద్రావకంతో చేసే లాకరే వాడాలి.

వాస్తవం: రెండూ పట్టుకునే పద్ధతి వేరు. మిస్టర్ సర్ఫేసర్ లాంటి లాకర్ ప్రైమర్‌లోని ద్రావకం ప్లాస్టిక్ పై పొరని కొద్దిగా కరిగించి అందులో కుదురుకుంటుంది. వల్లేహో ప్రైమర్ లాంటి ఆక్రిలిక్‌ది ప్లాస్టిక్ మీద పరుచుకునే పొర, కాబట్టి దానికి శుభ్రత ఇంకా ముఖ్యం, టైమూ ఎక్కువ కావాలి. కనీసం ఒక రోజు, వానల్లో రెండు. అదే రోజు అరగదీస్తే చివర్లు చిరిగి రబ్బరులా లేస్తాయి. మాస్కింగ్ ఎక్కువుండే విమానాలకి నేను లాకరే వాడతాను. కానీ చిన్న ఫ్లాట్, ఇంట్లో పసిపిల్లలు, కిటికీ ఒక్కటే, అలాంటివాళ్లు నీళ్ల ప్రైమర్ వాడితే తక్కువేమీ కాదు. దాని గురించి ఎవరైనా ఎగతాళి చేస్తే పట్టించుకోకండి.

అపోహ: వేలికి అంటకపోతే ఆరినట్టే.

వాస్తవం: పై పొర ఆరినట్టు. లోపల ద్రావకం ఇంకా ఉండొచ్చు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, వాసన ఉంటే టేపు వేయొద్దు. మోడల్‌తో పాటే ఒక ప్లాస్టిక్ చెంచాకి అదే ప్రైమర్, అదే రంగు వేసి ఉంచితే టేపు పరీక్ష దాని మీద చేసుకోవచ్చు.

అపోహ: టేపుని ముందు ముంజేతి మీద అంటించి తీస్తే జిగురు తగ్గి రంగు ఊడదు.

వాస్తవం: జిగురు తగ్గడం నిజమే, కానీ చర్మం మీది జిడ్డు టేపుకి ఎక్కి మోడల్ మీదకి పోతుంది. శుభ్రమైన గాజుపలక మీద అంటించి తీయండి. తీసేటప్పుడు పైకి లాగకుండా టేపుని వెనక్కి మడిచి, ఉపరితలానికి ఆనించినట్టుగా నెమ్మదిగా లాగండి.

అపోహ: చెన్నై తేమలో రంగు పట్టదు.

వాస్తవం: పడుతుంది. తేమ రోజుల్లో లాకర్ తొందరగా ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, దాని మీద గాల్లోని నీరు చేరి తెల్లటి పొగమంచులా మచ్చ కడుతుంది. లెవెలింగ్ థిన్నర్ వాడితే ఆరడం నెమ్మదించి ఇది తగ్గుతుంది. కంప్రెసర్ నుంచి నీటి చుక్కలు రావడం వేరే గొడవ. కంప్రెసర్‌లో వేడెక్కిన గాలి గొట్టంలో చల్లారాక నీరవుతుంది, కాబట్టి తేమ పట్టే ట్రాప్ ఎయిర్‌బ్రష్ దగ్గర కూడా ఒకటి ఉండాలి.

ఇత్తడి ఫొటో-ఎచ్ (రసాయనంతో చెక్కిన పల్చటి రేకు) భాగాలకి మెటల్ ప్రైమర్ వేరే ఉంటుంది, అదే వాడండి. హార్డ్‌వేర్ షాపు స్ప్రే డబ్బాల్లో కొన్నింటి ద్రావకం ప్లాస్టిక్‌ని పగుళ్లు తేల్చేస్తుంది, ముందు స్ప్రూ (భాగాలు అతికి వచ్చే ఫ్రేము) ముక్క మీద కొట్టి చూడండి. నిజం విమానాలకీ రంగు ఊడుతుందనేవాళ్లు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ సైన్యపు కీ-61 యుద్ధవిమానం లాంటివాటికి సరైన ప్రైమర్ లేకుండా నేరుగా లోహం మీదే రంగు వేయడం వల్ల అలా జరిగింది. మోడల్ మీద ఆ పెచ్చుల రూపం తెప్పించాలన్నా కింది వెండిరంగు, దాని కింది ప్రైమర్ గట్టిగా పట్టుకుని ఉండాలి, లేకపోతే పై రంగుతో పాటు అవీ వచ్చేస్తాయి.

ఇప్పటికే ఊడినవాళ్లకి: మొత్తం తీసేయక్కర్లేదు. ఊడిన చోటు అంచు పక్కన కొత్త టేపు ముక్క అంటించి లాగండి. అక్కడ నిలిస్తే, 1500 నంబరు తడి శాండ్‌పేపర్‌తో అంచుని నున్నగా కలిపేసి, తడి గుడ్డతో పొడి తుడిచి, ఆ చోట మాత్రమే సన్నగా ప్రైమర్, ఆరాక రంగు వేయండి. అంచు మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంటే ఆ భాగం వరకు ప్లాస్టిక్ దాకా తీసి, కడిగి మొదలుపెట్టండి.