పద్దెనిమిది దాటాక డాక్టరెవరు? డౌన్ సిండ్రోమ్ పెద్దల ఆరోగ్యం వెనకున్న చరిత్ర

పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నవంబరులో తెరిచారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోది 2001 జనవరిలో. రెండు చోట్లా గుండె ఆపరేషన్ ఉచితమే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని బెంగళూరు బస్సెక్కిన రాయలసీమ తల్లిదండ్రుల కథలో ఈ మూడు తేదీలూ మైలురాళ్లు. ఆ పిల్లల్లో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చి, బుద్ధి ఎదుగుదలను నెమ్మదింపజేసే స్థితి) ఉన్నవాళ్లూ ఉన్నారు. అప్పుడు బతికి బయటపడ్డవాళ్లు ఇప్పుడు ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నారు. బెంగళూరులో కె.ఆర్.పురంలోనో మారతహళ్లిలోనో అమ్మానాన్నల దగ్గరో, అక్కాబావల దగ్గరో ఉంటున్నారు. వాళ్ల గుండె సంగతి చూడ్డానికి డాక్టర్లు దొరికారు. పెద్దయ్యాక మనిషిని మొత్తంగా చూసే డాక్టరు మాత్రం దొరకడం లేదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు డౌన్ సిండ్రోమ్ లక్షణాలన్నిటినీ కలిపి ఒక స్థితిగా వర్ణించింది 1866లో. అప్పటికి ఆయన బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను ఉంచే ఎర్ల్స్‌వుడ్ అనే ఆశ్రమంలో పనిచేస్తున్నాడు. తర్వాతి వందేళ్లూ ఐరోపాలో, అమెరికాలో ఈ పిల్లల్లో చాలామంది బతుకు అలాంటి గోడల మధ్యే గడిచింది. కణంలో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటమే దీనికి కారణమని జెరోమ్ లెజూన్ బృందం ప్రకటించింది 1959లో. ఆ ప్రయోగశాల పనిలో మార్త్ గోతియే పాత్ర ఎంత పెద్దదో లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

కారణం తెలిసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు. 1920లలో పాశ్చాత్య దేశాల్లోనే ఈ పిల్లల సగటు ఆయుష్షు తొమ్మిదేళ్లు. యాంటీబయాటిక్స్ వచ్చి న్యుమోనియా మరణాలు తగ్గాయి. అయినా 1980ల మొదట్లో అమెరికాలో ఆ సగటు పాతికేళ్ల దగ్గరే ఉంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టేవాళ్లలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. ఆపరేషన్ సాధ్యమైన రోజుల్లో కూడా ‘ఈ బిడ్డకు అంత ఖర్చెందుకు’ అన్న మాట ఆసుపత్రుల్లోనే వినపడేది. ఇది వైద్యం చేసిన తప్పు. అలా అనకుండా దీన్ని చెప్పే మార్గం నాకు కనపడదు. ఆ మాట సడలి, పిల్లలు ఆశ్రమాల నుంచి ఇళ్లకు చేరాక ఆయుష్షు ఒక్కసారిగా ఎగబాకింది. నేడు ఆ దేశాల్లో సగటు అరవై దగ్గర ఉంది. ఒక్క తరంలో ఇంత మార్పు చూసిన వైద్య చరిత్రలు అరుదు.

మన దగ్గర కథ వేరు. గోడలు కట్టిన పెద్ద ఆశ్రమాలు ఇక్కడ తక్కువ, బిడ్డ ఇంట్లోనే పెరిగేది. ఆపరేషన్ మాత్రం అందలేదు. అందుకే బెంగళూరు కార్డియాలజీ ఓపీల్లో నలభై దాటిన డౌన్ సిండ్రోమ్ మనిషి పెదవులు, గోళ్లు నీలంగా కనిపిస్తే, చిన్నప్పుడు మూయని రంధ్రం ఊపిరితిత్తుల రక్తనాళాలను గట్టిపరిచేసిందని డాక్టర్లు ముందు అనుమానిస్తారు. ఆ దశలో రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు. మందులతో నెట్టుకురావాలి. ఆపరేషన్ అందిన తరం, అందని తరం ఒకే వరండాలో కూర్చునే రోజులివి.

ఆయుష్షు పెరిగాక కొత్త సంగతులు బయటపడ్డాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మతిమరుపు జబ్బు తొందరగా వస్తుందని జార్జ్ జెర్విస్ 1948లోనే రాశాడు. కానీ నలభై దాటి బతికేవాళ్లే తక్కువ కాబట్టి ఎవరికీ పట్టలేదు. 1984లో గ్లెన్నర్, వాంగ్ అనే ఇద్దరు ఆ మతిమరుపు జబ్బు, అంటే అల్జీమర్స్, ఉన్న మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముక్కను డౌన్ సిండ్రోమ్ వాళ్ల మెదడులోనూ గుర్తించారు. దాని జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉండి ఉంటుందని ఊహించారు. 1987లో అదే నిజమని తేలింది. ఆ క్రోమోజోమ్‌కు మూడో ప్రతి ఉండటంతో ఆ ప్రొటీన్ జీవితాంతం ఎక్కువగా తయారవుతూనే ఉంటుంది. నలభై నిండేసరికి దాదాపు అందరి మెదడులోనూ ఆ ప్రొటీన్ పేరుకున్న మచ్చలు ఉంటాయి. లక్షణాలు బయటపడటం సగటున యాభై దాటాక. లోకమంతా అల్జీమర్స్ గురించి తెలుసుకున్నదాంట్లో ముఖ్యమైన భాగం వీళ్ల శరీరాల నుంచి వచ్చిందే. కొత్త మందుల పరీక్షల్లో మాత్రం వీళ్లను మొదట్లో పక్కనే పెట్టారు.

ఈ జ్ఞానం నుంచే ఇంకో ప్రమాదం పుట్టింది. నలభై ఏళ్ల మనిషి నెమ్మదించాడంటే చాలు, ‘ఇంతే, అల్జీమర్స్ వచ్చేసింది’ అనేస్తున్నారు. ఇరవై ఏళ్లవాడు ముభావంగా ఉంటే ‘డౌన్స్ కదా, అలాగే ఉంటారు’ అంటున్నారు. రెండు సందర్భాల్లోనూ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. కుటుంబానిది హిందూపురం వైపు ఊరు, తండ్రి బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ముప్పై ఎనిమిదేళ్ల కొడుకు రోజూ రాత్రి అందరికీ కంచాలు వేసి, నీళ్లు పెట్టి, చివరన తను కూర్చునేవాడు. ఒక వేసవిలో కంచాలు వేయడం మానేశాడు. పగలంతా నిద్ర. పిలిస్తే పలకడు. ఒక క్లినిక్‌లో డాక్టరు కన్నడంలో ‘ఊట ఆయ్తా?’ (భోజనం అయిందా) అని అడిగాడు. అతను నేల చూపులు చూశాడు. ‘ఊరు యావుదు?’ (ఏ ఊరు) అంటే అదీ అంతే. కాగితం మీద డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. బయటికొచ్చాక అక్క భుజం మీద చెయ్యేసి, కాస్త గట్టిగా, ‘అన్నం తింటివా నాయనా?’ అంది. ‘దోసె’ అన్నాడు. ‘ఎన్ని?’ అంటే రెండు వేళ్లు చూపించాడు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, స్కూల్లో నేర్చుకున్న నాలుగు ఇంగ్లిష్ ముక్కలు ఎప్పుడో పోయాయి. అక్క పట్టుబట్టి ఇంకోచోట చూపిస్తే రెండు చెవుల్లోనూ గుబిలి గట్టిపడి ఉంది, థైరాయిడ్ బాగా పడిపోయి ఉంది. మాత్రలు మొదలైన కొన్ని నెలలకు కంచాలు మళ్లీ వేశాడు. అందరి విషయంలో ఇలా జరగదు. కానీ ఆ రెండు పరీక్షలకు అయ్యే ఖర్చు ఎంతని?

డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దల్లో థైరాయిడ్ తగ్గడం చాలా సాధారణం. చెవి రంధ్రాలు సన్నగా ఉండి గుబిలి చేరుతుంది, వినికిడి తగ్గుతుంది. కంటిలో శుక్లాలు తొందరగా వస్తాయి. నాలుక, గొంతు నిర్మాణం వల్ల నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. సగానికి మించిన పెద్దల్లో ఈ స్లీప్ ఆప్నియా ఉంటుంది. రాత్రి నిద్ర లేనివాడు పగలు మొండికేస్తే దాన్ని ‘ప్రవర్తన సమస్య’ అని రాసేస్తారు. మెడ ఎముకల బిగువు తక్కువ కాబట్టి నడక మారినా, మూత్రం ఆగకపోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి. మంచి సంగతులూ ఉన్నాయి. బీపీ ఎక్కువవడం, చాలా రకాల క్యాన్సర్ గడ్డలు వీళ్లలో తక్కువ.

మనసు సంగతికి వస్తే, తమలో తాము మాట్లాడుకోవడం వీళ్లలో చాలామందికి అలవాటు. రోజంతా జరిగింది రాత్రి గదిలో కూర్చుని ఒకసారి చెప్పుకుంటారు. దాన్ని పిచ్చి అనుకుని మందులు పెడితే బరువు పెరుగుతారు, మగతగా ఉంటారు. మరోవైపు, నిజంగా వచ్చే డిప్రెషన్‌ను ఎవరూ గుర్తించరు. అమ్మ పోయింది, వాడికి చెప్పలేదు, ‘ఊరికెళ్లింది’ అన్నారు. చెల్లికి పెళ్లయి వెళ్లిపోయింది. నచ్చిన స్కూలు పద్దెనిమిదేళ్లకు ఆగిపోయింది. ఇవేవీ వాడు మాటల్లో చెప్పలేడు, తిండి మానేసి చెబుతాడు. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య కొందరు కొద్ది వారాల్లోనే మాట, పలుకు, స్నానం లాంటివన్నీ కోల్పోవడం కూడా ఉంది. దీన్ని రిగ్రెషన్ డిజార్డర్ అంటున్నారు. వైద్యానికి లొంగే సందర్భాలున్నాయి కాబట్టి దీన్ని అల్జీమర్స్ అని వదిలేయడం ఘోరం.

2020 అక్టోబరులో ఈ పెద్దల కోసం పరిశోధనలన్నీ జల్లెడ పట్టిన వైద్య మార్గదర్శకాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. ఇరవై ఒకటి నుంచి ఏడాదికో రెండేళ్లకో థైరాయిడ్ పరీక్ష, ముప్పై నుంచి షుగర్ పరీక్ష, నలభై నుంచి ఏటా జ్ఞాపకశక్తి అంచనా చేయాలని చెప్పాయి. నలభైకి ముందు అల్జీమర్స్ అని తేల్చే ముందు చాలా జాగ్రత్త అవసరమని కూడా. లాంగ్డన్ డౌన్ వర్ణనకూ దీనికీ మధ్య నూట యాభై ఏళ్లకు పైగా గడిచాయి.

మన చట్టాలు, పథకాల నడక కూడా ఎక్కువగా పిల్లల చుట్టూనే. సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లో వచ్చింది, ప్రత్యేక విద్యకు అది చేసిన మేలు పెద్దది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం పద్దెనిమిది దాటినవాళ్లకు సంరక్షకుణ్ని నియమించే ఏర్పాటు చేసింది. ఆ ట్రస్టు తర్వాత నిరామయ అనే పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డౌన్ సిండ్రోమ్‌ను పేరుపెట్టి జాబితాలో చేర్చింది, పుట్టిన రోజు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా. 2011 జనాభా లెక్కల్లో బుద్ధిమాంద్యం కింద సుమారు 15 లక్షల మందిని లెక్కించారు. అందులో డౌన్ సిండ్రోమ్ ఎందరికో, పెద్దలు ఎందరో విడిగా లేదు. లెక్కలో లేని మనిషికి ఓపీ గది ఎవరు కేటాయిస్తారు?

మనసు, మెదడు జబ్బులు చూసే జాతీయ సంస్థ నిమ్హాన్స్ ఉన్న ఊరు బెంగళూరు. తెలుగు మాట్లాడే డాక్టర్లకూ నర్సులకూ ఇక్కడ కొదవ లేదు. రాయలసీమ నుంచి తెల్లవారుజాము బస్సులో దిగేవాళ్లు ఆ గేటు ముందు ప్రతిరోజూ కనిపిస్తారు. వారానికి ఒక పూట, డౌన్ సిండ్రోమ్ పెద్దల కోసం పెద్దాసుపత్రుల్లో ఒక గది తెరవడం అసాధ్యమేమీ కాదు. అక్కడే థైరాయిడ్‌కు రక్తం తీసి, చెవులు శుభ్రం చేసి, మనిషి భాషలోనే మాట్లాడించాలి. అది వచ్చేదాకా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ముప్పై ఐదేళ్లకే, అంతా బాగున్నప్పుడే, వాడు ఏం చేయగలడో ఒక నోటు పుస్తకంలో రాసి, ఫోన్లో రెండు వీడియోలు తీసి పెట్టుకోవాలి. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడా, చిల్లర లెక్కపెడతాడా, ఎవరెవరి పేర్లు చెబుతాడు, ఎన్నింటికి పడుకుంటాడు. ‘ముందు ఎలా ఉండేవాడు?’ అని డాక్టరు అడిగినప్పుడు ఆ పుస్తకం తీసి ముందు పెట్టండి.