కవర్ విప్పండి పిల్లలూ

పిల్లలూ,

మొన్న మీలో ఒకరు ఫోన్ చేసి తాతయ్యా క్రెడిట్ కార్డ్ ఇస్తామని కాల్ వచ్చింది తీసుకోనా వద్దా అని అడిగారు, నేను తర్వాత చెప్తాలే అని పెట్టేశాను. తీసుకో అనో వద్దు అనో ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు క్రెడిట్ అనే మాట చూడండి. లాటిన్‌లో క్రెడెరె అంటే నమ్మడం, దాంట్లోంచి వచ్చింది. నమ్మి ఇచ్చాడు అని మనమూ అంటాం కదా, అదే. ఇంకా చేతికి రాని డబ్బుని ఇవాళే వాడుకుంటాం, వాడుకున్నందుకు అద్దె కడతాం, ఆ అద్దె పేరే వడ్డీ. చదువు కోసమో ఇంటి కోసమో లెక్క తెలిసి తీసుకుంటే అప్పు పనికొచ్చేదే, నేనూ తీసుకున్నా, తీర్చా. అసలు అప్పే చెయ్యొద్దు అని కొట్టినట్టు చెప్పే పెద్దవాళ్ళతో నాకు ఒప్పుదల లేదు, ఎందుకంటే అలా చెప్తే పిల్లలు అప్పు చెయ్యడం మానరు, చేశామని మనకి చెప్పడం మానేస్తారు.

ఇప్పుడు కార్డు లెక్క. పెన్ను తీసుకుని మీరూ పక్కన వేసుకోండి, ఊరికే చదివితే బుర్రకెక్కదు. బాకీ 10,000 అనుకుందాం, రూపాయలైనా డాలర్లైనా లెక్క ఒకటే. నెలకి 3 శాతం వడ్డీ, బిల్లు మీద మినిమమ్ డ్యూ అని, అంటే ఈ నెల కనీసం ఇంతైనా కట్టాలి అని, 5 శాతం చూపిస్తాడు అనుకోండి. మొదటి నెల 300 వడ్డీ కలిసి 10,300 అవుతుంది, దాంట్లో 5 శాతం అంటే 515 కడతారు, మిగిలింది 9,785. కట్టింది 515, బాకీ తగ్గింది మాత్రం 215. ఇలాగే ఏడాది పాటు ఒక్క నెల కూడా తప్పకుండా మినిమమ్ కట్టుకుంటూ వచ్చారనుకోండి, మీ చేతిలోంచి 5,500 దాకా వెళ్ళిపోయి ఉంటుంది, అయినా ఇంకా 7,700 బాకీ అక్కడే కూర్చుని ఉంటుంది. కట్టినదాంట్లో 3,200 వడ్డీకే పోయిందన్నమాట. బాకీ సగానికి రావడానికే 32 నెలలు పడుతుంది, అది కూడా ఈ మధ్యలో ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోతే.

ఎందుకు అంత ఆలస్యం అంటే బాకీ తగ్గేకొద్దీ ఆ మినిమమ్ కూడా తగ్గుతూ పోతుంది, మనకేమో ఈ నెల తక్కువే కట్టాలి అని హాయిగా ఉంటుంది. అదే మొదటి నెల కట్టిన 515ని తగ్గించకుండా ప్రతి నెలా అంతే కట్టుకుంటూ పోయి చూడండి, 30 నెలల్లో మొత్తం తీరిపోతుంది. సగం కాదు, మొత్తం! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను తప్పు చేశానేమో అని రెండుసార్లు వేసుకున్నా. నెలకి 3 అంటే ఏడాదికి 36 అనుకుంటాం గానీ వడ్డీ మీద వడ్డీ కలుపుకుంటే 42 దాటుతుంది, ఏమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్ళలో బాకీ రెట్టింపు.

క్రెడిట్ స్కోర్ గురించి కూడా అడుగుతుంటారు కదా, అప్పు ఇస్తే తీరుస్తామా లేదా అని అంచనా వేసే అంకె అది. అమెరికాలో అందరూ చెప్పుకునే ఫైకో స్కోర్ 1989లో వచ్చింది, 300 నుంచి 850 వరకు ఉంటుంది, దాంట్లో 35 శాతం బరువు టైముకి కట్టారా లేదా అన్నదానికి, 30 శాతం ఎంత బాకీ పడి ఉన్నారు అన్నదానికి. మిగతా దేశాల్లో పేర్లు, అంకెలు వేరుగా ఉంటాయి గానీ ముఖ్యంగా చూసేది ఇంచుమించు ఇవే. జీతం ఎంత అన్నది ఆ స్కోర్ లెక్కలోకే రాదు. పెద్ద జీతగాడికి చెత్త స్కోర్, చిన్న జీతగాడికి మంచి స్కోర్ ఉండొచ్చు.

సరే, ఇప్పటిదాకా మీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తా.

ముప్ఫై దాటిన కొత్తలో నా స్నేహితుడొకడు వ్యాపారం కోసం లోన్ తీసుకుంటుంటే హామీ సంతకం పెట్టాను. కాగితం చదవలేదు, ఇక్కడ అని వేలు చూపిస్తే అక్కడ పెట్టేశా. రెండేళ్ళకి వాడి వ్యాపారం పడిపోయింది, వాయిదాలు ఆగిపోయాయి, ఉత్తరాలు నాకు రావడం మొదలైంది. మొదటిది విప్పి చదివా. రెండోది సగం చదివి మడిచేశా. మూడోది నుంచి అసలు విప్పలేదు, కవర్ మీద అడ్రస్ చూడగానే కడుపులో తిప్పేసేది, తీసుకెళ్ళి టేబుల్ సొరుగులో పాత డైరీల కింద తోసేసేవాణ్ణి. మీ నానమ్మకి చెప్పలేదు. ఇవాళ కాదు రేపు చూద్దాం, రేపు కాదు జీతం వచ్చాక చూద్దాం అనుకుంటూ నెలలు గడిపేశా, రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు ఎవరు తలుపు కొట్టినా వాళ్ళేనేమో అని భయం.

ఒకరోజు మీ నానమ్మ కత్తెర కోసం ఆ సొరుగు తీసింది. పదకొండు కవర్లు. తిట్టలేదు, ఏడవలేదు, ఆ కత్తెరతోనే నేల మీద కూర్చుని ఒక్కోటి అంచు కత్తిరించి, తేదీల వారీగా వరసగా పేర్చి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. నాలుగో దాంట్లో ఉంది, ఫలానా తేదీ లోపల వచ్చి మాట్లాడుకుంటే అదనపు వడ్డీ మాఫీ చేసి వాయిదాలు చిన్నవి చేస్తాం అని. ఆ తేదీ దాటి అప్పటికి ఐదు నెలలు. ఆ కాగితం నా చేతికి ఇచ్చి ఇది చూశావా అంది అంతే. ఇంత వయసొచ్చినా ఆ మాట చెవిలోనే ఉంది.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. వాయిదాలు మార్చారు గానీ వడ్డీ మాఫీ పోయింది పోయినట్టే. ఆరేళ్ళు కట్టాం.

ఈలోగా నా స్నేహితుడు ఐపీ పెట్టాడు. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, నా వల్ల కాదు దివాలా తీశాను అని కోర్టుకి చెప్పుకోవడం. కోర్టు వాడి అప్పు కొట్టేసింది, నేను హామీ ఉన్న అప్పు మాత్రం నా నెత్తిన అలాగే ఉండిపోయింది. చాలామందికి తెలియని సంగతి ఇది, అప్పు తీసుకున్నవాడికి విడుదల దొరికినా సాధారణంగా హామీ ఉన్నవాడికి దొరకదు. హామీ సంతకం అంటే స్నేహం చూపించుకోవడం అనుకోకండి, వాడు కట్టకపోతే నేను కడతాను అని రాసిచ్చే అప్పు పత్రమే అది.

మన దగ్గర ఐపీ పెట్టాడు అంటే ఎగ్గొట్టాడు అనే అర్థంలోనే వాడేస్తాం. నేనూ అలాగే అనుకుని వాడితో చాలా ఏళ్ళు మాట్లాడలేదు. తర్వాత చదివి తెలుసుకుంటే తెలిసింది దివాలా చట్టంలో అడిగే మొట్టమొదటి పని ఏంటో. ఉన్నది ఉన్నట్టు రాసివ్వడం. ఎవరెవరికి ఎంత బాకీ, ఇంట్లో ఏముంది, ఖాతాలో ఎంతుంది, ఈ మధ్య ఎవరికి ఏం రాసిచ్చావు, అన్నీ. నేను సొరుగులో దాచిన పనికి సరిగ్గా ఎదురు పని అది, వాడు నాకంటే ముందే ఆ ధైర్యం చేశాడు.

ఆ తర్వాత జరిగేది దేశాన్ని బట్టి మారుతుంది గానీ దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, బతకడానికి కావలసిన బట్టలు, పనిముట్లు లాంటివి వదిలి మిగతా ఆస్తి అమ్మి అప్పులవాళ్ళకి వరస ప్రకారం పంచడం, మిగిలిపోయిన బాకీ రద్దు చెయ్యడం. రెండోది, వచ్చే సంపాదనలోంచి కొన్నేళ్ళ పాటు కోర్టు ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం కట్టడం. అమెరికాలో మొదటిదాన్ని చాప్టర్ 7 అంటారు, రెండోదాన్ని చాప్టర్ 13 అంటారు, ఈ ప్లాన్ మూడు నుంచి ఐదేళ్ళు. అక్కడ పిటిషన్ వేసిన క్షణం నుంచి వసూలు ఫోన్లు, నోటీసులు ఆగిపోవాలి. ఊరికే వచ్చేది కాదులెండి, చాప్టర్ 7 అయితే క్రెడిట్ రిపోర్ట్ మీద, అంటే మన అప్పుల చరిత్ర రాసి ఉండే కాగితం మీద, పదేళ్ళ దాకా కనిపిస్తుంది.

కట్టలేనివాడికి ఇలా విడుదల ఇచ్చే తలుపు తెరవడానికి మనుషులకి వేల ఏళ్ళు పట్టింది. దాదాపు 3,750 ఏళ్ళ కిందట బాబిలోన్‌లో హమ్మురాబి అనే రాజు చెక్కించిన చట్టాల్లో 48వది చూడండి, తుఫాను వచ్చి పొలం మునిగినా, నీళ్ళు లేక గింజ పండకపోయినా ఆ ఏడాది అప్పు కట్టక్కర్లేదు, వడ్డీ లేదు, అప్పు రాసి ఉన్న మట్టి పలకని నీళ్ళతో తడిపెయ్యొచ్చు. ఎంత దయగల చట్టమో! అంత పాతకాలంలోనే చేతకాక కట్టనివాడు వేరు, కట్టకూడదని కట్టనివాడు వేరు అని వాళ్ళకి తెలుసు. తర్వాతి కాలం వాళ్ళు అది మర్చిపోయారు. ఇంగ్లాండులో 1824లో జాన్ డికెన్స్ అనే గుమాస్తాని అప్పు కట్టలేదని మార్షల్సీ జైల్లో పెట్టారు, పన్నెండేళ్ళ కొడుకు చదువు మాని బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పాలిష్ జాడీలకి లేబుళ్ళు అంటించే పనికి వెళ్ళాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక రచయిత చార్లెస్ డికెన్స్. జైల్లో కూర్చున్నవాడు ఎలా సంపాదిస్తాడు, ఎలా తీరుస్తాడు అని అడిగి అడిగి, 1869కి గానీ అక్కడ అప్పుకి జైలు చాలావరకు పోలేదు.

అదే ఇంగ్లాండులో 1705 చట్టం ఇంకోటి ఉంది, నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది అదే. దివాలా తీసిన వ్యాపారి తన ఆస్తులన్నీ నిజాయితీగా చూపించి సహకరిస్తే మిగిలిన బాకీ నుంచి విడుదల. మోసంతో దాస్తే ఉరి. ఒకే చట్టంలో రెండూ. ఉరి మరీ ఘోరం, పోవడమే మంచిదైంది, కానీ చూపించినవాడికి దారి, దాచినవాడికి శిక్ష అన్న పద్ధతి మాత్రం ఇప్పటికీ ఉంది, ఆస్తి దాచినట్టు తేలితే ఇప్పుడూ విడుదల పోతుంది, కేసు కూడా అవుతుంది.

ఇంకొకటి, ఇది ముఖ్యంగా మీ వయసు వాళ్ళకి. దివాలా తీసినా అన్ని అప్పులూ పోవు. కోర్టు జరిమానాలు, పిల్లల పోషణకి ఇవ్వాల్సినవి చాలా చోట్ల అలాగే ఉంటాయి. అమెరికాలో స్టూడెంట్ లోన్ మామూలుగా పోదు, భరించలేని కష్టంలో ఉన్నానని కోర్టులో విడిగా నిరూపించుకోవాలి, ఇంగ్లాండులో ప్రభుత్వ స్టూడెంట్ లోన్ దివాలాతో రద్దు కాదు. అందుకని కాలేజీ లోన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మొత్తం ఎంత, వడ్డీ చదువుతుండగానే మొదలవుతుందా అయ్యాకా, కట్టలేని నెల వస్తే ఎవరితో మాట్లాడాలి, ఈ మూడూ అడిగి రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, రేపు వాళ్ళు మిమ్మల్ని అడిగేటప్పుడు మొహమాటపడరు.

కార్డు సంగతి. తీసుకో నాన్నా. ఒక్కటే తీసుకో, లిమిట్ తక్కువ పెట్టించుకో, బిల్లు మొత్తం గడువు లోపల నీ ఖాతాలోంచి దానంతటదే కట్టేలా పెట్టుకో, మొత్తం కట్టేస్తే కొన్నవాటి మీద వడ్డీ పడదు. దాంతో ఏటీఎంలో క్యాష్ మాత్రం తియ్యకు, దానికి ఎక్కువ కార్డుల్లో మొదటి రోజు నుంచే వడ్డీ. ఎప్పుడైనా ఒక నెల కట్టలేకపోయావనుకో, ఆ రోజే వాళ్ళకి ఫోన్ చెయ్యి, ఆ తర్వాత నాకు చెయ్యి, నేను తిట్టను, నానమ్మ నన్నే తిట్టలేదు.

మొదటి స్టేట్‌మెంట్ రాగానే ఫోటో తీసి పంపించు. ఆరు నెలల పాటు ఇద్దరం కలిసి చదువుదాం.

ప్రేమతో,
తాతయ్య