వేలంలో పాత రెస్టారెంట్ తలుపులు: అపోహలు - వాస్తవాలు

మూతపడిన రెస్టారెంట్ల తలుపులను బాగుచేసి వేలానికి సిద్ధం చేయడం నా పని. పాటకు ముందు సరుకు చూసుకోవడానికి వచ్చేవాళ్ల నోట కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను. కొన్నాక బాధపడినవాళ్లనూ చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కేటలాగులో 'అలంకరణ వస్తువు' అని రాస్తే అందమైనదని అర్థం.

వాస్తవం: తలుపుగా బిగించుకుంటే దాని పూచీ అమ్మేవాళ్లది కాదని అర్థం. నిప్పును ఎంతసేపు ఆపుతుందో పరీక్షించిన సర్టిఫికెట్ దానికి ఉండదు. అద్దం టెంపర్డ్ (మొద్దు ముక్కలుగా పగిలేలా వేడిచేసి గట్టిపరిచినది) కాకపోతే, పగిలినప్పుడు కత్తుల్లాంటి ముక్కలవుతుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది పాత రంగులో సీసం. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో గానీ నిషేధించలేదు. ఎప్పటి రంగో తెలియని తలుపును శాండ్ పేపర్‌తో పొడిగా రుద్దకండి. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. ముందు టెస్ట్ చేయించండి.

అపోహ: గీతలు, అరుగుదల ఉంటే విలువ పోతుంది. గీకి మెరిపించాలి.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. మీరు డబ్బు పెట్టేది ఆ అరుగుదలకే. నా దగ్గరికొచ్చిన ఒక వంటగది తలుపు చెబుతాను. రెండు వైపులా ఊగే రకం, పైన గుండ్రటి అద్దం. భోజనాల గది వైపు ఇత్తడి రేకు అరచేయి పడే చోట మాత్రమే సన్నబడింది. వంటగది వైపు రేకు దాదాపు కొత్తగానే ఉంది, కానీ కింద చెక్కంతా నొక్కులే. రెండు చేతుల్లో పళ్లేలు పట్టుకుని బయటికొచ్చేవాళ్లు తలుపును కాలితోనే కదా నెట్టేది! రేకు విప్పితే లోపల మొదటి వార్నిష్ ఎర్రగా, అలాగే ఉంది. కావాలని పాతగా చేసిన తలుపులో ఈ తేడాలుండవు, అరుగుదల అంతటా ఒకేలా ఉంటుంది.

అపోహ: పాత అద్దం ఏళ్ల తరబడి కిందికి జారి అడుగున మందమవుతుంది.

వాస్తవం: గాజు అలా జారదు. ఊది చదును చేసే పాత పద్ధతుల్లో మందం సమానంగా వచ్చేది కాదు, అంతే. కరిగిన తగరం మీద తేల్చి చదునుగా చేసే ఫ్లోట్ గ్లాస్ 1950ల చివర్లో ఇంగ్లండ్‌లో వచ్చింది. అయితే చదునుగా ఉన్నంత మాత్రాన కొత్త అద్దమని తేల్చేయకండి. సానబట్టిన చదును అద్దాలు అంతకుముందూ ఉండేవి.

అపోహ: పసుపుగా మెరిసేదంతా ఇత్తడే.

వాస్తవం: జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. అంటుకుంటే ఇనుము మీద పూత. స్క్రూలు కూడా చూడండి. ప్లస్ గుర్తు ఫిలిప్స్ స్క్రూలు 1930లలో వాడుకలోకి వచ్చాయి. 1900 నాటిదని చెప్పే తలుపుకు అవి కనిపిస్తే కనీసం స్క్రూలైనా తర్వాత మార్చినట్టే.

అపోహ: పేరున్న చోటిదైతే చాలు.

వాస్తవం: ఆ చోటిదేనని రుజువుండాలి. 2018లో న్యూయార్క్‌లో, ఎందరో కళాకారులు బస చేసిన చెల్సీ హోటల్ గది తలుపులు వేలానికి వచ్చాయి. గాయకుడు బాబ్ డిలన్ ఉన్న గది తలుపుకు పాట లక్ష డాలర్లకు చేరింది. చెత్తలోకి పోవాల్సిన చెక్కకు అంత పలకడానికి కారణం, ఏ తలుపు వెనక ఎవరున్నారో ఓపికగా వెతికి పట్టుకోవడమే. రెస్టారెంట్ తలుపుకైతే నేను పాత ఫొటో అడుగుతాను. ఫొటోలోని గీత, ముడి, పిడి దగ్గరి మచ్చ ఎదుటి తలుపులో ఉండాలి. అమ్మేవాళ్ల నోటిమాట చాలదు.

అపోహ: పాటలో ఖరారైనదే ధర.

వాస్తవం: దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునే రుసుము పడుతుంది. చాలాచోట్ల 20 నుంచి 25 శాతం ఉంటుంది. రవాణా వేరే.

ఇంకో మాట. గట్టి చెక్క తలుపు 40 కిలోలు సులువుగా తూగుతుంది. గోడకు ఊరికే ఆనించి వదిలేయకండి. ప్లాస్టర్‌లో కాకుండా దాని వెనకున్న ఇటుకలోకో దుంగలోకో దిగేలా పైన రెండుచోట్ల బిగించండి. బిగించేటప్పుడు వీలైనంత వరకు తలుపుకు కొత్త రంధ్రాలు వేయకండి.