కమ్మీ పక్కన దూరిన రేకు ముక్క: చిన్న తాళంకప్పల వివాదానికి వెనుక కథ

చిన్న తాళంకప్పలను చెవి లేకుండా తీసి చూపించే వీడియోలపై వాదం మళ్లీ రాజుకుంది. ఇవి దొంగలకు పాఠాలు చెబుతున్నాయి కాబట్టి తొలగించాలని కొందరు తయారీదారులు కోరుతున్నారు. లోపం బయటపడకపోతే దాన్ని సరిదిద్దే ఆలోచన ఎవరికీ రాదని తాళాల ఔత్సాహికులు అంటున్నారు. ఇరుపక్షాలూ ఉదాహరణగా చూపడానికి ఇటీవలి కేసు ఒకటి ఉంది. ట్రైలర్లకు వేసే దిట్టమైన తాళాలను తయారుచేసే ఒక అమెరికన్ సంస్థ, తన తాళాన్ని పానీయపు డబ్బా నుంచి కత్తిరించిన రేకుతో తీసి చూపిన వ్యక్తిపై 2025లో ఫ్లోరిడాలోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. వీడియోను ఆపించే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు సంస్థే దావాను వెనక్కి తీసుకుంది.

ఆ తాళం పెద్దది, ఖరీదైనది. దాన్ని లొంగదీసిన కిటుకు మాత్రం సూట్‌కేసులకూ అల్మారాలకూ పోస్టుపెట్టెలకూ వేసే 20, 25, 30 మిల్లీమీటర్ల తాళంకప్పలతో ఆడుకునేవాళ్లకు చాలాకాలంగా తెలిసినదే. ఆ కిటుకు ఇన్నేళ్లుగా ఎందుకు పనిచేస్తూనే ఉంది, దానికి విరుగుడు తెలిసి కూడా చిన్న తాళంలోకి ఎందుకు రాలేదు అన్నవే ఈ వివాదంలో అసలు ప్రశ్నలు. రోమను కాలపు ఇనుప తాళాల నుంచి 1861లో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు పొందిన పిన్నుల సిలిండరు (చెవి దూరి తిరిగే భాగం; సరైన చెవి లోపలి చిన్న పిన్నులను సరైన ఎత్తుకు లేపితేనే తిరుగుతుంది) దాకా నడిచిన చరిత్ర చాలామందికి తెలిసిందే కాబట్టి దాన్ని ఇక్కడ తిరగదోడడం లేదు.

ముందుగా తాళం లోపలికి చూద్దాం. పైన వంపు తిరిగి ఉండే ఉక్కు కమ్మీని వ్యాపారంలో షాకిల్ అంటారు. దాని ఒక కాలు బాడీలోనే ఉండి తిరుగుతుంది, రెండో కాలు బయటికి వచ్చి మళ్లీ లోపలికి దిగుతుంది. దిగే కాలికి ఒక గాటు ఉంటుంది. బాడీలో స్ప్రింగు నెడుతున్న చిన్న లోహపు నాలుక ఆ గాటులో పడి కమ్మీని పట్టుకుంటుంది. నాలుక పైఅంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కమ్మీని పైనుంచి నొక్కినప్పుడు దాని కొన నాలుకను పక్కకు తోస్తుంది, గాటు ఎదురుగా రాగానే స్ప్రింగు నాలుకను మళ్లీ ముందుకు నెడుతుంది. టక్కున పడే చప్పుడు అదే. చెవి అవసరం లేకుండా నొక్కితే చాలు పడిపోవడం ఈ తాళాలకు పెద్ద ఆకర్షణ.

చిక్కు కూడా అక్కడే ఉంది. తనను పక్కకు తోస్తున్నది కమ్మీ కొననా, కమ్మీని ఆనుకుని పైనుంచి జారిన పలుచని రేకా అన్న తేడా ఆ ఏటవాలు అంచుకు తెలియదు. పానీయపు డబ్బా గోడ మందం మిల్లీమీటరులో పదోవంతు. కమ్మీకీ అది దిగే రంధ్రానికీ మధ్య అంతకంటే ఎక్కువ సందు ఉంటే రేకు లోపలికి దిగి, నాలుకకూ గాటుకూ మధ్య దూరి, కమ్మీని విడిపిస్తుంది. పిన్నులు ఎన్ని ఉన్నాయి, చెవి ఎంత వంకర టింకరగా కోసి ఉంది, సిలిండరు ఎంత నాణ్యమైనది అన్న ప్రశ్నలకు ఇక్కడ చోటే లేదు. రేకు చెవి రంధ్రం దగ్గరకు వెళ్లకుండానే పని ముగిస్తుంది. కమ్మీని పైకి లాగి పట్టుకుని బాడీ పక్కన సుత్తితో తట్టినప్పుడు కొన్ని తాళాలు విడిపోవడానికి కారణం కూడా ఈ నాలుకే. దెబ్బ అదురుకు స్ప్రింగు ఒక్క క్షణం వెనక్కి తగ్గుతుంది.

ఈ బలహీనత తాళాల మధ్య ఇంత మామూలైపోవడానికి కారణమైన మలుపు నా దృష్టిలో 1924లో వచ్చింది. మిల్వాకీలో 1921లో మాస్టర్ లాక్ సంస్థను స్థాపించిన తాళాల పనివాడు హ్యారీ సోరెఫ్ ఆ ఏడాది ఉక్కు పలకల తాళంకప్పకు పేటెంటు పొందాడు. అప్పటి చవక తాళాల్లో చాలావరకు పలుచని రేకును అచ్చు వేసి చేసిన డొల్ల పెట్టెలు కాబట్టి రెండు సుత్తి దెబ్బలకు చీలిపోయేవి. సోరెఫ్ ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, రివెట్లు కొట్టి, ఘనమైన దిమ్మెలాంటి బాడీని తయారుచేశాడు. ఇనుమును కోసి, దొలిచి చేసే దిట్టమైన తాళం కంటే ఇది చాలా చవకగా వచ్చేది. ఆలోచన గొప్పది, దాని విజయం కూడా అంతే గొప్పది. 1928లో మద్యనిషేధపు రోజుల్లో న్యూయార్కులోని అక్రమ మద్యశాలలకు వేయడానికి అధికారులకు ఒకేసారి 1,47,600 తాళాలు పంపినట్టు ఆ సంస్థ చరిత్ర చెప్పుకుంటుంది.

అయితే ఆ విజయంతో తాళం బలం అంటే బాడీ బలం అన్న అభిప్రాయం కొనేవారిలోనూ అమ్మేవారిలోనూ పాతుకుపోయింది. దీనికి పరాకాష్ఠ 1974లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మధ్యలో వచ్చిన ప్రకటన. అందులో ఒక గురికాడు శక్తిమంతమైన రైఫిలుతో తాళంకప్ప గుండా తూటా పంపాడు. బాడీకి రంధ్రం పడినా తాళం ఊడలేదు. లక్షలాది మంది చూసిన ఆ దృశ్యం అబద్ధం కాదు. తాళం నిజంగానే తూటాను తట్టుకుంది. కాకపోతే తాళం తీయదలచిన వాడు రైఫిలుతో వస్తాడా, రేకు ముక్కతో వస్తాడా అన్న ప్రశ్నను ఆ ప్రకటన ఎవరి మనసులోకీ రానివ్వలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉక్కు గట్టిపడింది, కమ్మీలో బోరాన్ మిశ్రమం చేరింది, బాడీకి రబ్బరు తొడుగులు వచ్చాయి. చవక తాళాల్లో స్ప్రింగు నాలుక మాత్రం అలాగే ఉండిపోయింది.

తయారీదారుల వాదన ఇదీ. చిన్న తాళం పని అవకాశవాదిని ఆపడమే తప్ప పట్టుబట్టి వచ్చిన దొంగను ఆపడం కాదు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల కమ్మీని ఒక మోస్తరు బోల్ట్ కట్టర్ ఒక్క నొక్కుతో తెంపేస్తుంది, రెండు స్పానర్లను కమ్మీలో దూర్చి ఎడంగా తిప్పినా విరిగిపోతుంది, అలాంటప్పుడు రేకు గురించి ఖర్చు పెట్టడం వృథా. ఇందులో కొంత నిజం ఉంది.

కానీ తెగిన తాళం తెగినట్టు కనిపిస్తుంది. రేకుతో తీసిన తాళాన్ని మళ్లీ నొక్కి వేసేస్తే ఎవరికీ అనుమానం రాదు. సూట్‌కేసులో వస్తువు పోయినప్పుడు, తాళం చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు, నష్టపోయిన వ్యక్తి మాటను బీమా సంస్థ గానీ రవాణా సంస్థ గానీ నమ్మడం కష్టం. చిన్న తాళానికి ఉన్న ముఖ్యమైన విలువల్లో ఒకటి దొంగతనం జరిగిందని సాక్ష్యం చెప్పడం. స్ప్రింగు నాలుక ఆ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. కట్టర్‌తో ఎలాగూ తెగుతుంది కాబట్టి రేకును పట్టించుకోనక్కర్లేదన్న వాదన ఈ తేడాను దాటవేస్తోంది.

ప్రమాణాల పరిస్థితి కూడా దీనికి తోడైంది. తాళంకప్పలకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 12320 ఆరు శ్రేణులను నిర్ణయించింది. కమ్మీని లాగడం, మెలిపెట్టడం, కోయడం, బాడీని కొట్టడం, తొలవడం వంటి పరీక్షల్లో తాళం ఎంత నిలిచిందో దాన్ని బట్టి శ్రేణి వస్తుంది. ఈ పరీక్షల్లో ఎక్కువ భాగం బలప్రయోగానికి సంబంధించినవే. 1924 నాటి ఆలోచన, అంటే ఒంటి బలమే తాళం బలం అన్న నమ్మకం, కొలతల పట్టికల్లోకి కూడా ఎక్కిందనిపిస్తుంది.

మరమ్మతు తెలియక ఇదంతా ఆగలేదు. నాలుక స్థానంలో రెండు ఉక్కు గుండ్లను పెట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. చెవి తిప్పితే తిరిగే చిన్న ఇరుసు తాళం పడి ఉన్నప్పుడు గుండ్లను రెండు పక్కలకూ నెట్టి, కమ్మీ రెండు కాళ్లకున్న గుండ్రని గాళ్లలో కూర్చోబెడుతుంది. ఇరుసు తిరిగితే తప్ప గుండు వెనక్కి పోవడానికి చోటు ఉండదు కాబట్టి రేకు దూరినా తోయడానికి ఏమీ దొరకదు. కమ్మీని రెండు వైపులా పట్టి ఉంచడం వల్ల లాగుడుకూ మెలికకూ కూడా నిలుస్తుంది. దీనికి కూడా చిల్లు ఉంది. కొన్ని తాళాల్లో చెవి రంధ్రం గుండా సన్నని పరికరాన్ని సిలిండరు దాటించి, ఇరుసునే నేరుగా తిప్పడం సాధ్యమైంది. దాన్ని అడ్డుకోవడానికి సిలిండరు వెనుక చిన్న అడ్డు బిళ్ల పెట్టాల్సి వచ్చింది. వీడియోలపై కోపం తెచ్చుకునే వారు గమనించాల్సింది ఏమిటంటే, ఇలాంటి అడ్డు బిళ్లలు లోపం బయట చర్చకు వచ్చాకే తాళంలోకి చేరతాయి.

చిన్న బాడీలో మాత్రం ఈ గుండ్ల ఏర్పాటు ఇరుకు వ్యవహారమే. 20 మిల్లీమీటర్ల వెడల్పులో సిలిండరు, ఇరుసు, రెండు గుండ్లు, కమ్మీ స్ప్రింగు అన్నీ ఇమడాలి. గుండ్లు మరీ చిన్నవైతే పట్టు తగ్గుతుంది. సందును తగ్గించి రేకును ఆపుదామంటే దుమ్ము, తుప్పు చేరి కమ్మీ బిగుసుకుపోతుంది. రెండు కాళ్లకూ చెరో నాలుక పెట్టడం మధ్యేమార్గం. అప్పుడు రెండు రేకులు ఒకేసారి దూర్చాలి, అది అసాధ్యం కాకపోయినా చేతికి కష్టమైన పని. నా లెక్కలో వీటన్నిటికంటే సులువైనది మరొకటి ఉంది. తాళం వేయడానికి కూడా చెవి తిప్పాల్సిన ఏర్పాటులో నాలుకకు స్ప్రింగు అక్కర్లేదు, ఏటవాలు అంచు అక్కర్లేదు. స్ప్రింగు లేని చోట రేకుకు పని లేదు, సుత్తి తట్టుకు పని లేదు. పైగా ఇలాంటి తాళాల్లో వేసేదాకా చెవి బయటికి రాదు కాబట్టి చెవిని లోపల మరిచి తాళం వేసుకునే పొరపాటు కూడా తప్పుతుంది. కొనేవారికి టక్కున పడే తాళమే ఇష్టమన్నది దీనిపై వచ్చే ఒకే ఒక్క అభ్యంతరం.

సిలిండరు సంగతి ఈ వివాదానికి కొంచెం పక్కది, అయినా ఒక మాట చెప్పాలి. చిన్న తాళంలో పిన్నులు తరచుగా మూడో నాలుగో ఉంటాయి. ఒక్కో పిన్నుకు ఆరు ఎత్తులు ఉంటే మూడింటితో లెక్క ప్రకారం 216, నాలుగింటితో 1,296 రకాల చెవులే వస్తాయి. చెవిపై పక్కపక్క కోతల మధ్య మరీ ఎక్కువ తేడా ఉండకూడదు కాబట్టి వాడుకలోకి వచ్చేవి ఇంకా తక్కువ. నడుము సన్నగా ఉండే పిన్నులను వాడితే పిక్ చేయడం, అంటే చెవి లేకుండా సన్నని పరికరాలతో పిన్నులను కదిపి తీయడం, కష్టమవుతుంది, ఖర్చూ పెద్దగా పెరగదు. స్ప్రింగులు లేకుండా తిరిగే బిళ్లలతో పనిచేసే పద్ధతిని ఫిన్లాండులో ఎమిల్ హెన్రిక్సన్ 1907లోనే కనిపెట్టాడు, అక్కడి అబ్లాయ్ బ్రాండు తాళాలకు మూలం అదే. అయితే కమ్మీని స్ప్రింగు నాలుకే పట్టి ఉంటే ఎంత మంచి సిలిండరు పెట్టినా పక్కదారి తెరిచే ఉంటుంది.

బయటపెట్టడం తప్పా అన్న ప్రశ్న కొత్తది కాదు. 1851లో లండన్ మహా ప్రదర్శన సమయంలో అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ చబ్ అనే బ్రిటిష్ తాళాల సంస్థ వారి డిటెక్టర్ తాళాన్ని సుమారు 25 నిమిషాల్లో తీశాడు. ఆ తర్వాత తీసినవారికి 200 గినీలు (అప్పటి బ్రిటిష్ ధనం) ఇస్తామన్న పందెంతో దశాబ్దాలుగా దుకాణం కిటికీలో నిలిచిన బ్రామా సంస్థ తాళాన్ని 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తీశాడు. దొంగలకు దారి చూపించాడని అప్పుడూ నింద వచ్చింది. దొంగలకు తమ వృత్తి గురించి మనం నేర్పేదేమీ లేదు, నష్టపోతున్నది తెలియని కొనుగోలుదారే అన్నది హాబ్స్ పక్షపు జవాబు. నేటి వాదం పదాలు మారినా దాదాపు అదే.

దాపరికం ఏం చేస్తుందో చూడాలంటే 1851 కంటే 2004 మేలైన ఉదాహరణ. గొట్టం ఆకారపు చెవితో పనిచేసే సైకిలు తాళాలను ప్లాస్టిక్ పెన్ను గొట్టంతో తీయవచ్చని 1992లోనే ఒక బ్రిటిష్ సైకిలు పత్రికలో వచ్చింది. పన్నెండేళ్ల పాటు ఆ తాళాలు అలాగే అమ్ముడయ్యాయి. 2004 సెప్టెంబరులో పెన్నుతో క్రిప్టోనైట్ సంస్థ సైకిలు తాళాన్ని తీస్తున్న వీడియో ఇంటర్నెట్‌లో వ్యాపించిన కొద్ది రోజులకే సంస్థ ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. అచ్చులో వచ్చిన హెచ్చరిక పన్నెండేళ్లలో చేయలేకపోయిన పనిని కదిలే బొమ్మ కొద్ది రోజుల్లో చేసింది.

ఎలక్ట్రానిక్ తాళాలు ఈ కథను మార్చలేదు. 2018లో వేలిముద్రతో తెరుచుకునే ట్యాప్‌లాక్ అనే చిన్న తాళాన్ని అది తానే బ్లూటూత్‌లో ప్రసారం చేసే చిరునామా ఆధారంగా రెండు సెకన్లలో తీయవచ్చని భద్రతా పరిశోధకులు చూపారు. ఇంకొకరు వెనుక మూతను తిప్పి ఊడదీసి మరలు విప్పారు. భద్రత గురించి ఆ సంస్థ చెప్పుకున్న మాటలు తప్పుదారి పట్టించేవన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2020లో అది రాజీ కుదుర్చుకుంది. అక్కడా ప్రచారంలో తాళం దిట్టదనానికి చోటు దక్కింది.

చిన్న తాళంకప్పల ప్యాకెట్టు మీద బాడీ వెడల్పు, కమ్మీ మందం, లోహం పేరు ఉంటాయి. కమ్మీని లోపల పట్టుకునేది ఏమిటో సాధారణంగా రాయరు. తాళం తీసి కమ్మీని చూస్తే అది తెలిసిపోతుంది. దిగే కాలికి మాత్రమే ఒక గాటు, అది సూటిగా కోసినట్టు ఉంటే లోపల ఉన్నది స్ప్రింగు నాలుక. రెండు కాళ్లకూ అర్ధచంద్రాకారపు గాళ్లు ఉంటే ఉక్కు గుండ్లు.