గరిక గింజ నుండి పచ్చిక దాకా

గరికను మన ఊళ్ళలో ఎవరూ పనిగట్టుకొని పెంచరు. వినాయక చవితి నాడు పూజకు కోసుకొని రావడమే గాని, తక్కిన రోజుల్లో అది చేనిగట్ల మీదా బాట పక్కనా తనంత తానే బతుకుతుంది. అదే గరిక ఇంటిముందు పచ్చికగా పరుచుకోవాలని గింజలు తెచ్చి చల్లితే మాత్రం, నెల తిరిగేసరికి నేల అతుకుల బొంతలా తేలడం తరచు చూస్తాం. ఇంత మొండి మొక్కకు మొలక దశలో అంత సున్నితం ఎందుకో తెలియాలంటే దాని గింజను చూడాలి.

పొట్టు తీసిన గరిక గింజలు గ్రాముకు సుమారు 4,000 తూగుతాయి. వడ్లయితే అదే గ్రాముకు 40, 50 మాత్రమే. ఇంత చిన్న గింజలో దాచుకున్న పిండి కొద్దిపాటిదే కనుక, అర సెంటీమీటరు కన్నా లోతున పడితే మొలక వెలుతురు చూడకముందే ఆ నిల్వ అయిపోవచ్చు. అందుచేత బాగా చివికిన పశువుల ఎరువు కలిపి చదును చేసిన నేల మీద గింజలను ఇసుకతో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి, పైపైన దంతెతో గీరి, పలకతో అదిమితే చాలు. పది చదరపు మీటర్లకు 50 నుండి 100 గ్రాములు సరిపోతాయి.

తడి తగలగానే గింజలోని పిండం జిబ్బరెలిన్ అనే హార్మోనును వదులుతుంది. అది పిండి చుట్టూ ఉన్న అల్యూరాన్ పొరను చేరి ఎమైలేజ్ అనే ఎంజైమును పుట్టిస్తే, ఆ ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తుంది. వడ్లను నానబెట్టి మండె కట్టినప్పుడు జరిగేదీ ఇదే. తేడా అల్లా, మండెలో తడి నిలుస్తుంది, ఎండలో పరిచిన నేల పైపొర గంటల్లో ఆరిపోతుంది. ఒకసారి వేరు బయటికి వచ్చిన గింజ మళ్ళీ ఎండితే ఇక తేరుకోదు. మొదటి రెండు వారాలు రోజుకు మూడు నాలుగు సార్లు సన్నని జల్లు పట్టాలనడం ఇందుకే. గొట్టంతో ధారగా పోస్తే గింజలన్నీ పల్లానికి కొట్టుకుపోతాయి; మా పెరట్లో ఒక మూల మాత్రమే దట్టంగా మొలవడానికి నా తొందరే కారణం.

గరిక వేడిని కోరే గడ్డి. నేల 20 డిగ్రీలకు పైబడి వెచ్చగా ఉంటేనే చురుగ్గా మొలుస్తుంది కనుక, నీటి వసతి ఉన్నవారికి ఫిబ్రవరి చివరి రోజులు అనువైనవి. జడివానల్లో చల్లకపోవడం మేలు. చల్లే ముందు రెండు వారాలు ఖాళీ నేలను తడిపి, లేచిన తుంగను గడ్డలతో సహా తవ్వి తీసివేయాలి. తరువాత తీయబోతే తుంగతో పాటు లేత గరికా ఊడివస్తుంది.

ఆటమైదానాల్లో కనిపించే మెత్తని గరిక రకాలు కొన్నింటికి అసలు గింజలే ఉండవు. 36 క్రోమోజోములున్న గరికనూ 18 ఉన్న ఆఫ్రికా గరికనూ సంకరం చేయగా 27 క్రోమోజోములతో పుట్టిన గొడ్డు మొక్కలవి. వాటిని తీగ ముక్కలతోనే నాటుకోవాలి.

చల్లిన పదో రోజుకు అటూ ఇటూగా, తెల్లవారుజామున నేలకు కన్ను ఆనించి చూస్తే సూదిమొనల వంటి ఆకుల కొసన ఒక్కో నీటి బొట్టు మెరుస్తుంటుంది. అన్నీ మంచు బిందువులు కావు. రాత్రంతా వేరు పైకి నెట్టిన నీరు ఆకు కొసనున్న రంధ్రాల గుండా ఊరి అలా నిలుస్తుంది. ఆ బొట్లు మడి అంతటా కనిపించసాగాక జల్లులను మెల్లగా తగ్గిస్తూ, ఒక్కో తడిని లోతుగా ఇవ్వవచ్చు.