దారం లేని కుట్టు

దర్జీ దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరినవాడికి మొదటిరోజు గుడ్డ ఇవ్వరు, దారమూ ఇవ్వరు. సూదిలోంచి దారం లాగేసి, అడుగుదారం చుట్టిన బాబిన్ ఉండే కేసు తీసి పక్కన పెట్టి, గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి చేతికిచ్చి, ఆ గీత మీదుగా సూది పోనివ్వమంటారు. ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న వేసవిలో, మా ఊరి బస్టాండు ఎదుట ఉన్న దుకాణంలో నాకూ అలాంటి కాగితమే ఇచ్చారు. పొద్దున పది గంటల నుంచి భోజనాల వేళ దాకా నేను చేసిన పనల్లా ఆ నీలిగీతకు అటొక వంకర, ఇటొక వంకర చిల్లులు పొడవడమే. సరిగ్గా గీత మీద పడిన చిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. కత్తెర పట్టుకుందామని వచ్చినవాడికి కాగితం ఇవ్వడం అప్పుడు చిన్నతనంగా తోచింది. చేతిపనిని మెదడు ఎలా పట్టుకుంటుందన్న సంగతి చాలా ఏళ్ల తరవాత చదివినప్పుడు గానీ ఆ కాగితం విలువ నాకు తెలిసిరాలేదు.

ముందు ఆ మిషను సంగతి చెప్పాలి, ఎందుకంటే మొదటిరోజు కష్టాలన్నీ దాని కాళ్ల దగ్గరే మొదలవుతాయి. తొక్కుడు మిషనులో పాదాల కింద ఉండే ఇనుప పలక ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి తగిలించిన కడ్డీ పక్కనున్న పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం మీది తోలు బెల్టు పైనున్న చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఊగే కదలికను తిరిగే కదలికగా మార్చే ఇలాంటి ఏర్పాటులో ఒక చిక్కు ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా 2 చోట్ల ఆ కడ్డీ, చక్రం ఇరుసు ఒకే వరుసలోకి వస్తాయి. ఆ స్థితిలో ఎంత గట్టిగా తొక్కినా ఆ బలమంతా ఇరుసును ఒత్తడానికే పోతుంది గానీ చక్రం కదలదు. తిరుగుతున్న చక్రానికి ఇదొక అడ్డే కాదు, దాని బరువే దాన్ని ఆ చోటు దాటిస్తుంది. ఆగి ఉన్న చక్రం మాత్రం ఆ చోటుకు ఒక పక్కన ఉంటే ముందుకు, మరో పక్కన ఉంటే వెనక్కు తిరుగుతుంది. వెనక్కు తిరిగితే కుట్టు పడదు. సూది గుడ్డలోకి దిగి పైకి లేవబోయేటప్పుడు దారం సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును సమయానికి అందుకుని బాబిన్ చుట్టూ దాటించాలి. ఈ పొంతన ఒక్క దిశకే అమర్చి ఉంటుంది కాబట్టి, చక్రం ఎదురు తిరిగిందంటే దారం చిక్కుపడుతుంది, లేదా పుటుక్కున తెగుతుంది. అందువల్లనే పైచక్రాన్ని ముందుగా కుడిచేత్తో మనవైపుకు తిప్పి, అది కదిలిన తరవాత పాదాన్ని దానితో కలపాలి.

చెప్పడానికి ఇది ఒక్క వాక్యం. చేయబోతే కుడిచేయి చక్రం మీద ఉండాలి, అది కదిలీ కదలగానే కాగితం మీదికి రావాలి, ఎడమచేయి కాగితాన్ని లాగకుండా దారి మాత్రం చూపాలి, పాదం వేళ్లతో ఒకసారి, మడమతో ఒకసారి నొక్కాలి, కన్ను గీతను విడవకూడదు. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగల విషయాలు 7కు ఒకటి రెండు అటూ ఇటూగా ఉంటాయని జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో రాశారు. విషయాలను జట్లుగా కట్టుకునే అవకాశం లేకపోతే ఆ సంఖ్య సుమారు 4 మాత్రమేనని నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. పని వచ్చినవాడికి పైన చెప్పినదంతా ఒకే జట్టు, దాని పేరు ‘మిషను తొక్కడం’. కొత్తవాడికి అందులో ప్రతిదీ విడి వస్తువే, కాబట్టి నాలుగు గదులున్న ఇంట్లో పదిమంది చుట్టాలు దిగినట్టుంటుంది. దారం తీసేయడమంటే ఆ చుట్టాలలో కొందరిని ముందే ఊరికి పంపేయడం. దారం బిగువు, బాబిన్ నిండటం, దారం తెగడం, మళ్లీ సూదిలోకి ఎక్కించడం, ఇవన్నీ ఆ రోజుకు లేనట్టే. పైగా కాగితం ఒక్క తప్పునూ దాచదు. గుడ్డ మీద వంకర కుట్టును విప్పి సరిచేయవచ్చు గానీ, కాగితం మీద పడిన చిల్లు గీతకు ఎంత దూరంలో పడిందో అక్కడే నిలిచి చూపుతుంది.

చక్రం పదోసారో పదిహేనోసారో వెనక్కు తిరిగిన తరవాత నేను మాస్టరును అడిగాను.

“మాస్టారూ, ముందు వేళ్లతో నొక్కాలా, మడమతోనా?”

ఆయన ఒక పంజాబీ డ్రెస్సు చేతులు కుడుతున్నారు. “అదేముందయ్యా, ఇలా తొక్కడమే” అంటూ తన కాళ్లవైపు చూసుకున్నారు. అప్పటిదాకా నున్నగా సాగుతున్న మిషను చప్పుడు ఒక్కసారి తడబడింది. చక్రం ఆగింది. ఆయన మళ్లీ చేత్తో తిప్పి మొదలుపెట్టి, “నువ్వు నన్ను చెడగొట్టేటట్టున్నావు. కాళ్ల సంగతి వదిలేసి గీత చూడు” అన్నారు.

ఆయన జవాబు దాటవేశారని ఆ రోజు అనుకున్నాను. నిజానికి ఆయన దగ్గర చెప్పగలిగిన రూపంలో జవాబు లేదు. చేతిపని నేర్చుకోవడంలో 3 దశలున్నాయని పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో వివరించారు. మొదటి దశలో మనిషి మాటలతో ఆలోచిస్తూ చేస్తాడు, రెండో దశలో తప్పులు తగ్గి కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, మూడో దశలో మాట అవసరం లేకుండానే పని జరిగిపోతుంది. మూడో దశలో ఉన్నవాడు మొదటి దశలో ఉన్నవాడికి నేర్పవలసి రావడంలోనే అసలు ఇబ్బంది ఉంది. నిపుణుణ్ణి తన కదలికను తానే గమనించమంటే ఏమవుతుందో సియన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద పరీక్షించారు. బంతిని కాలితో దొర్లిస్తూ వరుసగా ఉంచిన గుర్తుల మధ్య నుంచి తీసుకెళ్తున్నప్పుడు, బంతి పాదంలో ఏ పక్కకు తగులుతోందో గమనించమంటే, ఆరితేరిన ఆటగాళ్లు కుడికాలితో ఆడేటప్పుడు నెమ్మదించారు. కొత్తవాళ్లకు మాత్రం ధ్యాస వేరేచోట పెట్టడం కన్నా పాదం మీద పెట్టడమే మేలు చేసింది. మాస్టరు మిషను తడబడటం వెనక ఉన్నదీ ఇదేనని నా నమ్మకం.

అలాంటప్పుడు కొత్తవాణ్ణయిన నన్ను కాళ్లు చూసుకోనివ్వక గీత చూడమనడం తప్పా? ఇక్కడ కాస్త నిదానించాలి. పని మీద ధ్యాస ఉంచడం వేరు, ఆ ధ్యాసను పనిలో ఏ కొసన ఉంచాలన్నది వేరు. గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1998లో మంచుమీద జారే ఆటను పోలిన యంత్రం మీద కొత్తవాళ్లకు తర్ఫీదునిచ్చారు. కొందరిని తమ పాదాల మీద, కొందరిని పాదాల కింద ఉన్న యంత్రపు చక్రాల మీద మనసు పెట్టమన్నారు. తేడా అంగుళాలలోనే ఉన్నా, చక్రాలను తలచుకున్నవాళ్లే మెరుగ్గా నేర్చుకున్నారు. శరీరం ఏం చేస్తోందన్న దానికన్నా ఆ చేతకు బయట ఏం జరుగుతోందన్నది చూసుకుంటే, కండరాలు తమలో తాము సర్దుకోవడానికి వీలు దొరుకుతుందని దీనికి వాళ్లిచ్చిన వివరణ. “గీత చూడు” అన్న రెండు మాటలలో ఉన్నదీ అదే సలహా.

ఆ సాయంత్రం నాకు నొప్పిపెట్టినవి కాళ్లు కావు, భుజాలూ మెడా. తెలియని పని చేసేటప్పుడు శరీరం ఒక కీలుకు ఇరువైపులా ఉన్న కండరాలను ఒకేసారి బిగిస్తుంది. ఎటునుంచి తప్పు జరుగుతుందో తెలియనప్పుడు కీలును కర్రలా బిగబట్టి ఉంచడమే క్షేమం కదా. తప్పులు తగ్గేకొద్దీ ఆ బిగువు సడలుతుంది. ఆ సడలింపులో ఎక్కువ పాలు తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడుది. మెదడు బరువులో అది పదోవంతు మాత్రమే, కానీ మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో 6,900 కోట్ల దాకా అక్కడే ఉన్నాయి. అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ మధ్య ఉన్న తేడాను పట్టుకుని, మరుసటి ప్రయత్నాన్ని రవ్వంత సవరించడం అది చేసే పనులలో ముఖ్యమైనది. గీతకు దూరంగా పడిన ప్రతి చిల్లూ దానికి అందిన ఒక ఉత్తరం అనుకోవచ్చు.

ఈ సవరింపులు మనకు గుర్తుండే జ్ఞాపకాల ఖాతాలో జమ కావు. ఈ సంగతి బయటపడిన తీరు విషాదకరమైనది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు చిన్నతనం నుంచి మూర్ఛలు వచ్చేవి. 1953లో, అతనికి 27 ఏళ్లున్నప్పుడు, మూర్ఛలు తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి మెదడుకు రెండువైపులా ఉన్న హిప్పోకాంపస్ భాగాలను తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గానీ, అప్పటినుంచి కొత్త విషయమేదీ అతనికి గుర్తుండటం మానేసింది. ఇంతకుముందే మాట్లాడి వెళ్లిన మనిషి మళ్లీ గదిలోకి వస్తే కొత్తగా చూసేవాడు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతనికి రెండు గీతలతో వేసిన నక్షత్రం బొమ్మ ఇచ్చి, చేతిని నేరుగా కనబడనీయకుండా, అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల నడుమ పెన్సిలు నడపమన్నారు. అద్దంలో దిక్కులు తారుమారవుతాయి కాబట్టి మొదట ఎవరికైనా పెన్సిలు గీత దాటిపోతుంది, మొలైసన్‌కూ దాటిపోయింది. మరునాడు వచ్చినప్పుడు తాను ఆ బొమ్మను ఎన్నడూ చూసి ఎరగనన్నాడు. కానీ అతని చెయ్యి ముందురోజు ఆపిన చోటునుంచి అందుకుంది. మూడోరోజుకు తప్పులు దాదాపు లేకుండా గీశాడు, ఆ పని తానెప్పుడూ చేయలేదని అప్పుడూ అనుకున్నాడు. 1962లో మిల్నర్ ఈ ఫలితాలను ప్రకటించాక, జ్ఞాపకమంటే ఒకే గాదె అన్న అభిప్రాయం నిలవలేదు. మొలైసన్ 2008లో కన్నుమూసేదాకా శాస్త్రగ్రంథాలలో అతన్ని రెండు పొడి అక్షరాలతోనే ప్రస్తావించేవారు.

మొదటిరోజు ఇంటికి వెళుతూ “ఏమీ రాలేదు” అనుకునే ప్రతివాడిలోనూ చిన్న మోతాదులో ఇదే జరుగుతుంది. చెప్పమంటే చెప్పడానికి ఏమీ ఉండదు. చేతికి మాత్రం ఏదో కొంత వచ్చి ఉంటుంది, అదింకా స్థిరపడి ఉండదు.

మధ్యాహ్నం మాస్టరు భోజనానికి వెళ్లినప్పుడు, మూలనున్న మోటారు మిషను మీద చెయ్యి వేశాను. అక్కడ పనిచేసే కుర్రాడు, “వద్దు తమ్ముడూ, ఇవాళ అది ముట్టుకుంటే రేపు ఇదీ రాదు, అదీ రాదు. మాస్టరు తిడతారు” అన్నాడు. మోటారు మిషనుకు పాదంతో ఒక్కవైపే నొక్కి పట్టి ఉంచాలి, ఊపు అక్కర్లేదు. అంటే తొక్కుడు మిషను మీద పాదానికి అలవాటు చేయబోయినదానికి పూర్తిగా ఎదురు. రజా షద్‌మెహర్ తదితరులు 1996లో ప్రచురించిన ప్రయోగంలో, యంత్రపు చేయిని పట్టుకుని కదిలిస్తుంటే అది ఒక పక్కకు నెడుతుంది, ఆ నెట్టుడును తట్టుకుని తిన్నగా కదిలించడం నేర్చుకోవాలి. అది నేర్చుకున్న వెంటనే ఎదురుదిశలో నెట్టేదాన్ని నేర్చుకున్నవాళ్లకు మొదటిది చెదిరిపోయింది. మధ్యలో 4 గంటల ఎడం ఇచ్చినవాళ్లకు చెదరలేదు. మరుసటి ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, సాధన ఆపిన 6 గంటల లోపల, చేసే పనిలో ఏ మార్పూ కనబడకపోయినా, ఆ పనికి మెదడు వాడుకునే భాగాలు మారిపోయాయని తేలింది. నుదుటి వెనక ఉన్న భాగం తప్పుకుని చిన్నమెదడు, మరికొన్ని భాగాలు ముందుకొచ్చాయి. ఈ ప్రయోగాలు కుట్టుమిషను మీద చేసినవి కావు గనుక కుర్రాడి మాటకు శాస్త్రం ముద్ర వేసిందని నేననను. కొత్తగా చేరినవాడికి మొదటిరోజే ఒక పద్ధతి చూపించి, ఆ వెంటనే దానికి విరుద్ధంగా ఉండే మరో పద్ధతి చూపించే ఆఫీసులను తరవాత చూసినప్పుడు మాత్రం ఆ కుర్రాడే గుర్తొచ్చాడు.

నిద్ర సంగతీ ఇలాంటిదే. ఎడమచేతి వేళ్లతో ఒక క్రమంలో మీటలు నొక్కడం నేర్పి, రాత్రి నిద్ర తరవాత మళ్లీ చేయిస్తే, మధ్యలో సాధన లేకుండానే వేగం సుమారు 20 శాతం పెరిగిందని మాథ్యూ వాకర్ బృందం 2002లో చూపింది. పగలు మేలుకుని అంతేసేపు గడిపినవాళ్లలో ఆ పెరుగుదల లేదు. అందులో కొంత అలసట తీరడం వల్ల వచ్చిందేనని తరవాతి పరిశోధకులు ఆక్షేపించారు, ఆ చర్చ ఇంకా సాగుతోంది.

మొదటిరోజు వచ్చే మెరుగు పెద్దగా ఉంటుంది, తరవాతది అంతకంతకూ సన్నబడుతుంది, అయినా ఆగదు. క్రాస్‌మన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1959లో చుట్టల కర్మాగారంలోని కార్మికుల వేగాన్ని పరిశీలిస్తే, లక్షల సంఖ్యలో చుట్టలు చేసిన తరవాత కూడా, దాదాపు 2 ఏళ్ల దాకా, వాళ్ల చేతులు ఇంకా వేగం పుంజుకుంటూనే ఉన్నాయి. చివరికి అడ్డుపడింది యంత్రం వేగమే. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లను చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

రెండోరోజు పొద్దున మిషను ముందు కూర్చుని చక్రం తిప్పాను. పాదం దానంతట అదే కలిసింది. కాగితం మీద రెండు వరుసలు గీత తప్పకుండా వచ్చాయి. మాస్టరు ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఏమీ అనకుండా రీలు తెచ్చి సూదికి దారం ఎక్కించి, నాలుగంగుళాల గాడా గుడ్డ ముక్క ఒకటి నా ముందు వేశారు. దారపు కొసను వెనక్కు పట్టుకోవాలని, సూదిని పైకి తెచ్చి ఆపాలని, గుడ్డను అదిమే ఇనుప పాదాన్ని దించాలని చెప్పారు. ఈ మూడూ గుర్తుపెట్టుకునే గొడవలో కుడిచేత్తో చక్రం తిప్పడం మరిచిపోయి నేరుగా తొక్కాను. చక్రం వెనక్కు తిరిగింది. గుడ్డ అడుగున దారం పిచ్చుకగూడులా చుట్టుకుపోయింది. మాస్టరు కత్తెర అందుకుని, బాబిన్ కేసు బయటికి లాగి, ఆ చిక్కును కత్తిరించడం మొదలుపెట్టారు.